98 బ్యాచ్‌లో ఫస్ట్‌ ర్యాంకు ఎవరిది?

పాతికేళ్లు దాటినా తెగని వాదన ఇది... గేమ్‌ డిజైన్‌ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఓసారి దిగి చూడాల్సిందే!

సినిమాల్లో ఏ ఏడాది గొప్పది అని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. వీడియో గేమ్‌ల లోకంలో అదే ప్రశ్న వేసి చూడండి. చాలామంది నోట ఒకే ఏడాది వస్తుంది... 1998. స్టార్‌క్రాఫ్ట్‌, మెటల్‌ గేర్‌ సాలిడ్‌, హాఫ్‌లైఫ్‌, జెల్డా సిరీస్‌లోని ఒకారినా ఆఫ్‌ టైమ్‌... నాలుగూ ఆ పన్నెండు నెలల్లోనే వచ్చాయి. రెసిడెంట్‌ ఈవిల్‌ 2, అన్‌రియల్‌, థీఫ్‌, బాల్డర్స్‌ గేట్‌ కూడా అదే బ్యాచ్‌. ఏడాది మీద పేచీ తక్కువే. గొడవంతా ఆ బ్యాచ్‌లో ఫస్ట్‌ ర్యాంకు ఎవరిదన్న దగ్గరే!

'అలాంటి బ్యాచ్‌ మళ్లీ రాలేదు' అంటారు నలభైల్లో ఉన్న అన్నయ్యలు. 'ఆ డబ్బా బొమ్మల గ్రాఫిక్స్‌కి ఇంత బిల్డప్పా?' అంటారు ఇప్పటి తమ్ముళ్లు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. కానీ ఇద్దరూ చెప్పంది ఒకటుంది... ఎందుకు?

ఆ 'ఎందుకు' చిన్న మాట కాదు. గేమ్‌ స్టూడియోల ఇంటర్వ్యూల్లో 'మీకు బాగా నచ్చిన గేమ్‌ ఏది?' అని అడగడం మామూలే. పేరు చెప్పడానికి ఎవరూ తడుముకోరు. ఎందుకు నచ్చిందని అడిగితే మాత్రం చాలామంది 'స్టోరీ బాగుంటుంది సర్‌, గ్రాఫిక్స్‌ సూపర్‌' దగ్గరే ఆగిపోతారు. ఉద్యోగం ఉండేది ఆ తర్వాతి వాక్యంలో. అందుకే ఈ పాత వాదనలోకి మనమూ కాసేపు దిగుదాం.

బరిలో నలుగురు

స్టార్‌క్రాఫ్ట్‌: మార్చి 31న బ్లిజార్డ్‌ విడుదల చేసింది. 1996లో మొదటిసారి చూపించినప్పుడు, తమ పాత వార్‌క్రాఫ్ట్‌కే అంతరిక్షం రంగు పూశారని జనం పెదవి విరిచారు. దాంతో బృందం మళ్లీ మొదటికొచ్చి కూర్చుంది. చివరికి చేసిన పని ఏంటంటే... టెర్రాన్‌, జెర్గ్‌, ప్రోటాస్‌ అని మూడు సేనలు. ఒకరి బలం ఇంకొకరికి ఉండదు, కట్టే తీరు వేరు, పోరాడే తీరు వేరు. అయినా ముగ్గురిలో ఎవరిని ఎంచుకున్నా గెలిచే దారి ఉంటుంది. చదరంగంలో రెండు వైపులా ఒకే పావులుంటాయి కాబట్టి సమానత్వం తేలిక. వేర్వేరు పావులిచ్చి తూకం సరిచేయడం కష్టం. దక్షిణ కొరియాలో 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత వీధివీధినా పెరిగిన ఇంటర్నెట్‌ సెంటర్లు 'పీసీ బాంగ్‌'లలో ఈ ఆట పండగలా నడిచింది. టీవీలో మ్యాచ్‌లు, జీతాలు తీసుకునే ఆటగాళ్లు... ఇప్పటి ఈ-స్పోర్ట్స్‌కు పునాదుల్లో ఒకటి అక్కడే పడింది.

మెటల్‌ గేర్‌ సాలిడ్‌: సెప్టెంబరులో ప్లేస్టేషన్‌ మీద వచ్చింది. హిడియో కొజిమా డైరెక్షన్‌. తుపాకీ పేల్చడం కన్నా కంటపడకుండా జారుకోవడమే ఇందులో అసలు విద్య. సైకో మాంటిస్‌ అనే విలన్‌ మీ మనసు చదువుతానంటాడు. నిజానికి చదివేది మీ మెమరీ కార్డును. అందులో కొనామి వాళ్ల వేరే ఆటల సేవ్‌లు ఉంటే వాటి పేర్లు చెప్పి అదరగొడతాడు. వాడి నుంచి తప్పించుకోవాలంటే కంట్రోలర్‌ను ఊడబీకి రెండో పోర్టులో పెట్టాలి! ఇంకోచోట ఒక పాత్రతో రేడియోలో మాట్లాడాలంటే నంబరు కావాలి. అది గేమ్‌ డబ్బా వెనకాల అచ్చయి ఉంటుంది. కవరు లేని పైరేటెడ్‌ సీడీ తెచ్చుకున్నవాళ్ల తిప్పలు వేరే చెప్పాలా!

హాఫ్‌లైఫ్‌: నవంబరులో వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన గేబ్‌ న్యూవెల్‌, మైక్‌ హారింగ్టన్‌ పెట్టిన వాల్వ్‌కు ఇదే తొలి గేమ్‌. లెక్కప్రకారం 1997 చివర్లోనే రావాలి. ఆడి చూసుకుంటే వాళ్లకే మజా అనిపించలేదు. బాగున్న ముక్కలన్నీ ఏరి ఒక్క లెవల్‌గా కట్టి చూశారు. అది కుదిరాక మిగతా ఆటను దాదాపు మళ్లీ చేశారు. మొదట్లో రైలు ప్రయాణం దగ్గర్నుంచి చివరిదాకా కథ అంతా హీరో కళ్లతోనే నడుస్తుంది. మధ్యలో ఆట ఆపి సినిమా ముక్కలు చూపించరు. కాల్చుకుంటూ పోయే ఆటల్లో అప్పటికి అది కొత్త.

ఒకారినా ఆఫ్‌ టైమ్‌: అదే నవంబరులో, నింటెండో 64 మీద. మొత్తం ఆట 32 ఎంబీ క్యాట్రిడ్జ్‌లో సర్దేశారు. ఇప్పుడు ఫోన్‌లో తీసే నిమిషం వీడియోకే అంతకన్నా ఎక్కువ చోటు కావాలి! త్రీడీలో కత్తియుద్ధం అప్పట్లో పెద్ద తలనొప్పి. కెమెరా ఎటు చూడాలి? శత్రువు పక్కకు జరిగితే ఎలా? జవాబు క్యోటోలోని తోయీ స్టూడియో పార్కులో దొరికింది. అక్కడ నింజా ప్రదర్శన చూసిన డిజైనర్లకు, పదిమంది చుట్టుముట్టినా పోరు ఎప్పుడూ ఒక్కొక్కరితోనే నడుస్తోందని తట్టింది. ఒక బటన్‌ నొక్కితే చూపు ఒక్క శత్రువు మీదే నిలిచిపోయే పద్ధతి అలా పుట్టింది. ఇప్పుడు మీరాడే త్రీడీ యాక్షన్‌ గేముల్లో కనిపించే టార్గెట్‌ లాక్‌కు పెద్దన్న ఇదే.

ఏ తక్కెడలో తూస్తారు?

వాదన చెడేది ఇక్కడే. ఒకరు మార్కులు లెక్కపెడతారు, మరొకరు జ్ఞాపకాలు లెక్కపెడతారు. ఏ కొలతో ముందే ఒప్పుకోకపోతే రాత్రంతా కూర్చున్నా తేలదు.

విమర్శకుల మార్కులే కొలత అయితే ఒకారినాకు తిరుగులేదు. మెటాక్రిటిక్‌లో దానికి 99. ఇప్పటివరకు మరే గేమ్‌ దాన్ని దాటలేదు. ప్రభావమే కొలత అయితే? 2025లో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా ఇదే ప్రశ్న జనాన్ని అడిగితే మొదటి స్థానం 1999 నాటి షెన్‌మూకు దక్కింది. చాలామంది నోరెళ్లబెట్టారు. ప్రశ్నలో 'గొప్ప' తీసేసి 'ప్రభావం' పెట్టేసరికి జవాబు మారిపోయింది, చూశారా!

'ఇవాళ కొత్తగా ఆడితే ఎలా ఉంటుంది?' అన్నది ఇంకో కొలత. ఇక్కడ నలుగురికీ మార్కులు తెగుతాయి. ఒకారినా నీటి ఆలయంలో ఇనుప బూట్లు వేసుకోవడానికీ విప్పడానికీ ప్రతిసారీ ఆట ఆపి మెనూ తెరవాలి. 2011 రీమేక్‌లో నింటెండోనే దాన్ని సరిచేసింది. హాఫ్‌లైఫ్‌ చివరి గ్రహాంతర ఘట్టాలు తేలిపోయాయని అభిమానులే ఒప్పుకుంటారు. మెటల్‌ గేర్‌లో వచ్చిన దారినే వెనక్కి తిరగడం ఎక్కువ. స్టార్‌క్రాఫ్ట్‌లో ఒకేసారి 12 మంది సైనికులకు మించి ఎంచుకోలేం. అభిమాన గేమ్‌లో లోపం చెప్పగలిగినవాళ్ల మెచ్చుకోలుకే విలువ. హీరో అభిమానికీ సినిమా ఎడిటర్‌కీ ఉన్న తేడా అదే.

మన దగ్గరికి 1998 ఎప్పుడొచ్చింది?

ఈ జాబితాలు రాసింది ఎక్కువగా అమెరికా, జపాన్‌, బ్రిటన్‌ వాళ్లు. వాళ్ల ఇళ్లలో ప్లేస్టేషన్‌, నింటెండో 64 ఉన్నాయి. అదే సమయంలో మన ఊళ్లలో వేసవి సెలవులొస్తే టీవీకి తగిలించింది నింటెండో పాత మెషిన్‌కు నకలుగా వచ్చిన ఎనిమిది బిట్ల డబ్బాలు. 'క్యాసెట్‌' పెట్టి ఊది మరీ ఆడిన మారియో, కాంట్రా... మారియో 1985 నాటిది, కాంట్రా 1987 నాటిది. అంటే బయట 1998 నడుస్తుంటే మన హాల్లో ఇంకా ఎనభైలే!

మరి ఆ బ్యాచ్‌ మనకెలా పరిచయం? చాలామందికి దొడ్డిదారిన. 2000 దాటాక ఇంటర్నెట్‌ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన కౌంటర్‌ స్ట్రైక్‌ గుర్తుందా? అది పుట్టింది హాఫ్‌లైఫ్‌ కడుపులోంచే. కెనడాలో చదువుకుంటున్న మిన్‌ లీ, అతనికి తోడుగా జెస్‌ క్లిఫ్‌... హాఫ్‌లైఫ్‌ను మార్చి 1999లో ఉచితంగా వదిలిన మోడ్‌ అది. వాల్వ్‌ ఇద్దరినీ పిలిచి పనిలో పెట్టుకుంది. 2000లో అదే షాపుల్లో అమ్మే గేమ్‌ అయ్యింది. కాబట్టి మన అన్నయ్యల ఓటు కౌంటర్‌ స్ట్రైక్‌కు పడితే అది తప్పు ఓటు కాదు. వాళ్ల ముందున్న మెషిన్‌లో అదే ఉంది మరి!

ఆడకుండానే తీర్పా?

యూట్యూబ్‌లో పది నిమిషాలు చూసి తీర్పు చెప్పేస్తే ఎలా? బిర్యానీ ఫొటో చూసి ఉప్పు తక్కువైందన్నట్టే. కానీ ఆడదామన్నా పాత ఆటలు దొరకాలి కదా! 2023లో అమెరికాలోని వీడియో గేమ్‌ హిస్టరీ ఫౌండేషన్‌ లెక్క తేల్చింది. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి లేవు. కంపెనీలు మూతపడ్డాయి, హక్కులు చేతులు మారాయి, మెషిన్లు మూలన పడ్డాయి. ఆడలేని ఆట గురించి వాదించలేం, నేర్చుకోనూ లేం.

మన నలుగురూ అదృష్టవంతులు. మొదటి స్టార్‌క్రాఫ్ట్‌ను బ్లిజార్డ్‌ 2017లో ఉచితం చేసేసింది. హాఫ్‌లైఫ్‌కు పాతికేళ్లు నిండిన సందర్భంగా 2023లో వాల్వ్‌ కొత్త అప్‌డేట్‌ ఇచ్చింది, స్టీమ్‌లో దొరుకుతుంది. మెటల్‌ గేర్‌ 2023లో వచ్చిన మాస్టర్‌ కలెక్షన్‌లో ఉంది. ఒకారినా నింటెండో స్విచ్‌ చందాలో ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌ ఉన్న విద్యార్థి మొదటి రెండింటితో ఈ వారాంతమే మొదలుపెట్టొచ్చు.

ఇక తీర్పు...

క్లాసులో ఫస్ట్‌ ర్యాంకు ఒకరిది. పరీక్షల ముందు అందరికీ నోట్సు ఇచ్చి గట్టెక్కించేది ఇంకొకరు. పదేళ్ల తర్వాత రీయూనియన్‌లో ఎక్కువమంది తలుచుకునేది ఆ రెండో మనిషినే. 98 బ్యాచ్‌లో ర్యాంకు ఒకారినాదే, సందేహం లేదు. నోట్సు పంచింది మాత్రం హాఫ్‌లైఫ్‌, స్టార్‌క్రాఫ్ట్‌. రెండింటిలోనూ ఆటతో పాటు లెవల్స్‌ తయారుచేసుకునే పనిముట్లు ఇచ్చారు. ఒకదాని నుంచి కౌంటర్‌ స్ట్రైక్‌ పుట్టింది. రెండోదానికి ఎవరో అభిమాని చేసిన 'ఇయాన్‌ ఆఫ్‌ స్ట్రైఫ్‌' అనే మ్యాప్‌ ఆ తర్వాత డోటాకూ, దాని వెనకే వచ్చిన లీగ్‌ ఆఫ్‌ లెజెండ్స్‌ తరహా ఆటలకూ దారి చూపింది. ఇంట్లో కూర్చున్న కుర్రాడి చేతికి పనిముటు ఇచ్చి 'నువ్వూ చెయ్యి' అన్న గేమ్‌కే ఈ పేజీ ఓటు. ఆ ఇద్దరిలో ఒక్కరినే చెప్పమంటే... హాఫ్‌లైఫ్‌! కాదంటారా? మీ కొలత ఏమిటో ముందు చెప్పి, అప్పుడు కాదనండి.

వాదన నుంచి ఉద్యోగం దాకా...

* ఆడటం వేరు, తయారుచేయడం వేరు. ర్యాంకులు, స్కోర్లు చూపిస్తే స్టూడియోలో పని దొరకదు. చేసి చూపించాలి.
* ఒక పాత గేమ్‌ తీసుకోండి. గంట ఆడండి. 'మొదటి అయిదు నిమిషాల్లో నాకు ఏం నేర్పింది? ఎలా నేర్పింది? ఎక్కడ విసుగొచ్చింది?'... ఈ మూడింటికీ ఒక్క పేజీలో జవాబు రాయండి. ఇలాంటి పది పేజీలుంటే ఇంటర్వ్యూలో 'ఎందుకు' దగ్గర తడబడరు.
* విసుగొచ్చిన చోటు మీరైతే ఎలా సరిచేస్తారో చిన్న నమూనా కట్టండి. గోడో పూర్తిగా ఉచితం. యూనిటీ, అన్‌రియల్‌ కూడా నేర్చుకునేవాళ్లకు ఉచితంగా దొరుకుతాయి.
* డిజైన్‌ ఒక్కటే దారి కాదు. ప్రోగ్రామింగ్‌, ఆర్ట్‌, యానిమేషన్‌, సౌండ్‌, టెస్టింగ్‌... మీ చేతికి ఏది వస్తే అటు వెళ్లొచ్చు.
* డిగ్రీ అయ్యాక చదవాలనుకుంటే బెంగళూరులోని ఎన్‌ఐడీ క్యాంపస్‌లో డిజిటల్‌ గేమ్‌ డిజైన్‌లో ఎండిజైన్‌ ఉంది. ప్రవేశం డాట్‌ పరీక్ష ద్వారా.
* ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో, రాక్‌స్టార్‌కు బెంగళూరులో, యూబీసాఫ్ట్‌కు పుణె, ముంబయిల్లో స్టూడియోలున్నాయి. వాళ్ల వెబ్‌సైట్లలో ఉద్యోగ ప్రకటనలు ఇప్పుడే చదవండి. ఏ నైపుణ్యం అడుగుతున్నారో తెలిస్తే సెకండియర్‌ నుంచే ఆ దారిలో పడొచ్చు.