మిషను కంటె ముందు కొలత



ఈనాడు మనము చూచు సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టును ఆనుకొని పెరిగిన ఊరు. 1963లో కృష్ణానదిపై ఆనకట్టకు పునాదిరాయి పడిన తరువాత, పని కొరకు వచ్చిన కుటుంబములకు నల్లమల అడవిలో క్వార్టర్లు లేచినవి. 1982లో కుడిగట్టు విద్యుత్ కేంద్రములో మొదటి యూనిట్టు తిరిగినది. నేడు అక్కడ ఒక్కొక్కటి 110 మెగావాట్ల చొప్పున ఏడు యూనిట్లు కలవు. అయితే ఆనకట్ట కట్టుటకు కావలసినన్ని చేతులు దానిని నడుపుటకు అక్కరలేదు. తాతకు ప్రాజెక్టులో పని దొరికినది. తండ్రి కాంట్రాక్టరు క్రింద కుదిరినాడు. మనుమడు పదవ తరగతి పాసై, ఇప్పుడేమి చేయవలెనని నిలుచున్నాడు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలలోని మన కుటుంబములలోను ఇదే ప్రశ్న.

దీనికి మన తలిదండ్రులు సాధారణముగా రెండు దారులు చూచుచున్నారు. ఒకటి, సర్కారు ఉద్యోగము వచ్చువరకు కనిపెట్టుకొని కూర్చుండుట. రెండవది, ఉన్న రెండెకరములు కుదువపెట్టి పిల్లవానికి ఒక షాపు పెట్టించుట. ఈ నెల మేము మరియొక దారిని గూర్చి వ్రాయగోరుచున్నాము. అది లోహమును కచ్చితమైన కొలతకు కోయు పని. దీనినే ప్రెసిషన్ మెషినింగ్ అందురు.

ఈ పని ఏమిటి?

లేత్ మిషను మనకు క్రొత్త కాదు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు బుష్షు పోయినా మనము లేత్ షాపుకే పోవుదుము. అక్కడ ఇనుప ముక్క తిరుగుచుండగా పదునైన టూలు దానిని పొర పొరగా చెక్కును. మిల్లింగ్ మిషనులో ముక్క నిలిచియుండగా కట్టరు తిరుగును. గ్రైండింగ్ మిషను చివరి నునుపు ఇచ్చును. సి.ఎన్.సి. మిషనులో ఇవే పనులు కంప్యూటరు ప్రోగ్రాము ప్రకారము జరుగును.

మరి ఊరి లేత్ షాపునకు, ప్రెసిషన్ షాపునకు భేదమేమి? భేదము మిషనులో కంటె కొలతలో ఎక్కువగా ఉన్నది. ఊరి షాపులో పాత బేరింగు తెచ్చి, అందులో పట్టునట్లు చేసిన చాలును. ప్రెసిషన్ షాపునకు డ్రాయింగు వచ్చును. 25 మిల్లీమీటర్ల షాఫ్టును 24.987కు తగ్గకుండ, 25.000కు మించకుండ చేయుమని అది అడుగును. అనగా సందు 0.013 మిల్లీమీటరు మాత్రమే. మనము వ్రాసుకొను కాగితపు మందము సుమారు 0.1 మిల్లీమీటరు. ఆ మందమును ఎనిమిది పాళ్లు చేసిన, అందులో ఒక పాలు అన్నమాట. అట్టివి ఒకటి కాదు, ఐదువందలు చేయవలెను. మొదటిది ఎట్లున్నదో చివరిదియు అట్లే ఉండవలెను.

ఇందులో ఎండకు కూడ పాత్ర ఉన్నది. ఉక్కు వేడెక్కిన పెరుగును. అందుకే ప్రపంచమంతట కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణముగా పెట్టుకొన్నారు. అప్పుడే కోసిన షాఫ్టు, దానిని కొలుచు మైక్రోమీటరు కంటె 22 డిగ్రీలు వేడిగా ఉన్నదనుకొందము. ఆ 25 మిల్లీమీటర్ల ముక్క 0.006 మిల్లీమీటరు ఎక్కువ చూపును. అనుమతించిన సందులో దాదాపు సగము ఆ వేడియే మ్రింగివేయును. ముక్కను చల్లారనిచ్చి కొలిచినవాని పని నిలుచును. తొందరపడినవాని సరుకు తిరిగి వచ్చును.

ఇది మనకు పరాయి విద్య కాదు

ఆళ్లగడ్డ శిల్పులను మీరెరుగుదురు. వారి రాతిపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. శిల్పి ఉలి పట్టకముందు తాళమానము చొప్పున రాతిమీద గీతలు గీయును. ముఖమునకు ఇంత, మెడకు ఇంత అని కొలత ముందే నిర్ణయించుకొనును. ఎందుకనగా ఒక దెబ్బ ఎక్కువైన, రాలిన పెచ్చును తిరిగి అతికించలేము. లోహము కోయువాని స్థితియు అంతే. ఎక్కువ ఉన్నదానిని తగ్గించవచ్చును, తగ్గిపోయినదానిని పెంచలేము. ఆ ఓర్పు మన ప్రాంతపు చేతులలో ఎన్నో తరములుగా ఉన్నది.

ఎక్కడ నేర్చుకొనవలెను?

పదవ తరగతి పాసైన బిడ్డకు ఐ.టి.ఐ.లో టర్నర్, మెషినిస్టు, ఫిట్టర్, టూల్ అండ్ డై మేకర్ అను ట్రేడులు కలవు. ఇవి రెండేండ్ల కోర్సులు. ఆడపిల్లలును చేరవచ్చును. తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద కర్మాగారములో స్టైపెండు తీసికొనుచు నేర్చుకొనవచ్చును. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా మూడేండ్లు. నంద్యాలలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నది.

ఇంకను లోతుగా నేర్వగోరువారికి హైదరాబాదు బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కలదు. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయముతో కేంద్ర ప్రభుత్వము దీనిని స్థాపించినది. పదవ తరగతి తరువాత టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేండ్ల డిప్లొమా అక్కడ ఉన్నది. ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. విజయవాడలోను ఈ సంస్థకు శాఖ కలదు.

పని నేర్చుకొనునపుడు జాగ్రత్తయు నేర్చుకొనవలెను. తిరుగుచున్న లేత్ దగ్గర వ్రేలాడు చొక్కా, కండువా, చేతి తొడుగు పనికిరావు. అవి మిషనులో చిక్కి చేతినే లాగివేయును. కంటికి అద్దములు లేక నిలువరాదు. కోతలో లేచు చుట్టలను చేతితో తీయరాదు.

సొంత షాపు పెట్టినవారు

ఇంగ్లండు దేశములో హెన్రీ మాడ్‌స్లే అను పేదబాలుడు పన్నెండేండ్లకే ఆయుధశాలలో తూటాలు నింపు పనికి కుదిరినాడు. పదునెనిమిదవ యేట తాళములు చేయు జోసెఫ్ బ్రామా వద్ద చేరి, ఎనిమిదేండ్లు పనిచేసినాడు. 1797లో జీతము పెంచుమని అడుగగా యజమాని ఒప్పుకొనలేదు. అప్పుడు తన షాపు పెట్టుకొన్నాడు. మరలను కచ్చితముగా కోయు లేత్‌ను తీర్చిదిద్ది లోకమునకు ఇచ్చినవాడు ఇతడే. ఇతని వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల చుట్లకు ఒకే ప్రమాణము ప్రతిపాదించినాడు.

మన తెలుగునేలకు వత్తము. 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ మొదలైనది. తరువాత హైదరాబాదులో హెచ్.ఎం.టి. వచ్చినది. ఈ పెద్ద కర్మాగారములు మిషన్లతోపాటు పనివారిని కూడ తయారుచేసినవి. హెచ్.ఎం.టి.లో పనిచేసిన పి. రవీంద్రారెడ్డి, కె. సత్యనారాయణరెడ్డి మొదలగువారు 1970లో ఎం.టి.ఎ.ఆర్. అను సంస్థను స్థాపించిరి. ఆ పేరులోనే మిషన్లను తిరిగి బాగుచేయు పని అను అర్థమున్నది. ఆ సంస్థ క్రమముగా అణు విద్యుత్ కేంద్రములకు భాగములు, ఇస్రో వారి వికాస్ ఇంజను భాగములు చేయు స్థాయికి ఎదిగినది. 2021లో దాని వాటాలు స్టాకు మార్కెట్టులోనికి వచ్చినవి.

ఈ రెండు కథలలోను వరుస ఒక్కటే. ముందు మరియొకరి మిషనుపై చేయి తిరిగినది, తరువాత సొంత మిషను వచ్చినది. ఈ వరుసను తారుమారు చేయవద్దని మేము తలిదండ్రులను మరీ మరీ కోరుచున్నాము. పొలము కుదువపెట్టి సి.ఎన్.సి. మిషను తెచ్చుట సులభమే. మైక్రోమీటరు చదువరాని ఇంటిలో ఆ మిషను వడ్డీనే పండించును. ముందు కొన్నియేండ్లు మంచి షాపులో జీతమునకు పనిచేయనిండు. ఏ టూలు ఎంతసేపు నిలుచునో, ఎన్ని ముక్కలకు ఎన్ని పాడగునో, ఏ కంపెనీ సకాలములో డబ్బిచ్చునో అక్కడే తెలియును. ఆ తెలివిని బ్యాంకు అప్పు తెచ్చిపెట్టలేదు.

తరువాత షాపు పెట్టుకొనువారు ఇవి గమనించవలెను. 2020 జూలై నుండి ఉన్న ఉద్యం రిజిస్ట్రేషను చేయించుకొనుడి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, సరుకు స్వీకరించిన కొనుగోలుదారుడు ఒప్పందమున్నను 45 దినములకు మించకుండ డబ్బు చెల్లించవలెను. ఆలస్యమైన వడ్డీ అడుగు హక్కు మనకున్నది. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకములో తయారీ యూనిట్ల పరిమితిని 2022లో 50 లక్షలకు పెంచినారు. అందులో గ్రామములలో ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీల వారికి, స్త్రీలకు 35 శాతము, ఇతరులకు 25 శాతము సబ్సిడీ ఉంచినారు. నేటి నియమములను జిల్లా పరిశ్రమల కేంద్రములో అడిగి, కాగితము చూచిన తరువాతనే అడుగువేయుడి. మధ్యవర్తి చేతిలో ఒక్క రూపాయి పెట్టవద్దు.

మరియొక మాట. కొలత తప్పిన ముక్కను మంచి ముక్కల మధ్య దాచి పంపు శోధన ఈ పనిలో దినదినము ఎదురగును. ఆ ముక్క ఎవరి బ్రేకులోనో, ఎవరి పంపులోనో చేరును. తప్పు త్రాసు పట్టరాదని బాల్యము నుండి విన్న మన బిడ్డలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. తప్పిన ముక్కను ప్రక్కన పెట్టి, పుస్తకములో వ్రాసి, నిజము చెప్పిన షాపునకే రెండవ ఆర్డరు వచ్చును.

తండ్రులారా, తల్లులారా, పదవ తరగతి ఫలితములు వచ్చిన వారమే బిడ్డను వెంటబెట్టుకొని దగ్గరలోని ఐ.టి.ఐ.కి వెళ్లుడి. వర్క్‌షాపు చూపించుమని అడుగుడి. మిషన్లు తిరుగుచున్నవా, ఒక్కొక్క మిషనుకు ఎందరు పిల్లలు, నిరుడు పాసైనవారు ఎక్కడ పనిచేయుచున్నారు అని అడుగుడి. తృప్తికరమైన జవాబు రాకపోయిన మరియొక ఐ.టి.ఐ.కి వెళ్లుడి. బస్సు చార్జీ పోయిన పోవును గాని, పొలము నిలుచును, బిడ్డ రెండేండ్ల కాలము నిలుచును.