మేస్త్రీ... మా పిల్లికో అటక!

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఎందుకు తిప్పుతుంది? నచ్చిన చోటు దొరక్క! వెచ్చగా, చీకటిగా, కుక్కలకు అందనంత ఎత్తులో ఓ మూల దొరికితే ఎనిమిదో ఇంటితో దానికేం పని? కృష్ణా డెల్టాలో ఇప్పుడు లేస్తున్న కొత్త ఇళ్లలో కరవైంది సరిగ్గా ఆ మూలే.

ఒకప్పుడు ఆ చింత లేదు. దివిసీమ తాటాకిల్లయినా, గుడివాడ వైపు పెంకుటిల్లయినా, బందరులో పాతకాలపు మండువా అయినా... చూరు కింద సందు, దూలం మీద దారి, వంటింటి పైన అటక, పెరట్లో గడ్డివాము ఉండేవి. ధాన్యం గాదెలోనో, పురిలోనో ఉండేది. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. దానికోసమని ఎవరూ ఏమీ కట్టలేదు. ఇల్లే దానికి సరిపోయేది.

ఇప్పుడు శ్లాబు, నున్నటి టైల్సు, మెష్ బిగించిన కిటికీలు. ధాన్యం కళ్లంలోంచే మిల్లుకు వెళ్లిపోతోంది. పిల్లికి ఎలుకలు పట్టే ఉద్యోగం పోయి, ఇంట్లో పసిపిల్లల హోదా వచ్చింది. కానీ ఇల్లు మారేటప్పుడు సామానంతా లారీ ఎక్కుతుంది, పిల్లి మాత్రం చాలాసార్లు పాత వీధిలోనే మిగిలిపోతుంది. 'కొత్తింట్లో దానికి కుదరదు' అన్నది అందరూ చెప్పే కారణం. కుదిరేలా కట్టొచ్చు. అయితే ఆ ఆలోచన ప్లాను గీసేటప్పుడే రావాలి. గోడ పగలగొట్టడం కన్నా కాగితం మీద గీత మార్చడం తేలిక కదా!

ఎత్తే దాని ధీమా

ఇంటిని మనం చదరపుటడుగుల్లో కొలుస్తాం. పిల్లి ఎత్తులో కొలుస్తుంది. ఉన్నచోటి నుంచే అయిదడుగులు ఎగరగలదు. కొత్త మనిషి వచ్చినా, ఉరుము ఉరిమినా పైకెక్కి కూర్చుంటే గానీ దానికి ధైర్యం చిక్కదు. ఆ పైచోటు లేకపోతే బీరువా వెనకో, మంచం కిందో నక్కుతుంది.

హాల్లో ఒక గోడకు అడుగు వెడల్పు చెక్క బల్లలు అడుగున్నర తేడాతో మెట్లలా బిగిస్తే చాలు. చివరి మెట్టు అటక దగ్గర ఆగాలి. ఇప్పుడు అటకలకూ తలుపులు పెట్టించేస్తున్నారు. అందులో ఒక అర వదిలేయమని కార్పెంటరుకు ముందే చెప్పాలి. సన్‌మైకా మీద గోళ్లు జారతాయి కాబట్టి బల్లల మీద గోనెపట్టా అతికించాలి. ఓ కర్రకు కొబ్బరితాడు బిగువుగా చుట్టి నిలబెడితే గోళ్లు దాని మీద పదును పెట్టుకుంటుంది, సోఫా బతుకుతుంది. రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రపోయే ప్రాణికి తూర్పు కిటికీ గట్టు అడుగు వెడల్పుంటే అదే పట్టెమంచం.

కిటికీ గట్టిదేనా?

డెల్టాలో దోమల మెష్ లేని కిటికీ ఉండదు. నైలాన్ మెష్ పిల్లి గోటికి ఆగదు. ఇనుపదైతే బందరు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది మేలు. బాల్కనీకి వల కడితే కన్ను రెండంగుళాలకు మించకూడదు. తల దూరితే ఒళ్లంతా దూరుతుంది!

'పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ల మీదే వాలుతుందిగా' అనుకోవద్దు. మేడల మీద నుంచి పడిన 132 పిల్లుల వివరాలను 1987లో న్యూయార్క్ పశువైద్యులు ప్రచురించారు. చికిత్స అందినవాటిలో పదింట తొమ్మిది బతికాయి. కానీ చాలావాటికి ఛాతీకో, ఎముకలకో గట్టి దెబ్బలే తగిలాయి.

మెట్ల కింద మరుగు

సిద్ధాంతి ఈశాన్యం చూస్తాడు, ఆగ్నేయం చూస్తాడు. పిల్లికి మాత్రం ముక్కే వాస్తు. అన్నం పెట్టేచోటికి దగ్గర్లో మలవిసర్జన తొట్టి పెడితే అటువైపు వెళ్లదు. పిల్లులు ఎన్నో, వాటికన్నా ఒక తొట్టి ఎక్కువ ఉండాలి. వృథాగా పోయే మెట్ల కింది జాగా ఇందుకు భేషుగ్గా సరిపోతుంది. చిన్న వెంటిలేటరు, తలుపు అడుగున ఏడంగుళాల కంత ఉంటే వాసనా ఉండదు, పిలిచి తలుపు తీయాల్సిన పనీ ఉండదు. సంపు మీద బరువైన మూత తప్పనిసరి.

వరదొస్తే...

డెల్టాలో ఇల్లంటే ముందు మెరక. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు తీసుకుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. అప్పుడే బుడమేరు పొంగి నందివాడ మండలంలో ఊళ్లను ముంచింది. అలాంటి వేళ మనిషి వెతికేదీ ఎత్తే, పిల్లి వెతికేదీ ఎత్తే. దివిసీమ మడ అడవుల్లోని బావురుపిల్లి నీళ్లలో దిగి చేపలు పడుతుంది గానీ, ఇంటి పిల్లికి నీళ్లంటే ఆమడ దూరం.

మేడమెట్లు బయట పెట్టించడం ఇక్కడి అలవాటు. లోపలి నుంచి ఉంటే నీళ్లలో దిగకుండానే పైకి చేరొచ్చు. పిల్లిని తీసుకెళ్లే మూత బుట్ట ఎప్పుడూ ఇంట్లో తెరిచి ఉంచాలి. రోజూ అందులో పడుకునే పిల్లి, తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి వెతికించుకోదు.

గృహప్రవేశం నాడు

హోమం పొగ, బంధువులు, సన్నాయి... ఆ రోజు పిల్లిని తీసుకురాకపోవడమే మంచిది. సందడి తగ్గాక తెచ్చి, పాత దుప్పటితో సహా ఒకే గదిలో కొన్నాళ్లు ఉంచాలి. రెండు మూడు వారాలు బయటికి వదలకూడదు. వదిలితే పాత ఇంటికే బయల్దేరుతుంది.

ఇవి మరవద్దు

* గేటు పక్కన అందానికి పెంచే సైకస్, గన్నేరు పిల్లికి విషం.
* నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాకితే ప్రమాదం.
* జ్వరమని పారాసెటమాల్ వేయొద్దు. ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీస్తుంది.
* మందు తిన్న ఎలుకను తిన్నా ముప్పే.
* రేబిస్ టీకా తప్పనిసరి.

మామూలుగా ఏదైనా అటకెక్కిందంటే మూలపడినట్టే. పిల్లి విషయంలో అది తిరగబడుతుంది. కొత్తింట్లో పాలు పొంగించేది మనమే అయినా, అది అటకెక్కి కళ్లు మూసుకుని పడుకున్న రోజే దానికి అసలు గృహప్రవేశం!