ఆర్మ్‌స్ట్రాంగ్‌ను బతికించింది ఎవరు?

2012 సెప్టెంబర్ 8న విశాఖపట్నంలో భారత్, న్యూజిలాండ్ జట్ల టీ20 ఒక్క బంతి కూడా పడకుండానే వాన పాలైంది. మామూలుగా ఇలాంటి మ్యాచ్‌లు ఎవరికీ గుర్తుండవు. ఇది గుర్తుండటానికి కారణం యువరాజ్ సింగ్. క్యాన్సర్ చికిత్స తర్వాత అతను మళ్లీ భారత జట్టులో కనిపించాల్సిన రోజు అది. మూడు రోజుల తర్వాత చెన్నైలో బ్యాట్ పట్టి 26 బంతుల్లో 34 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్ మనం ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. అయినా జనం అతణ్ని చూసి కళ్లు తుడుచుకున్నారు.

యువరాజ్‌కు కీమోథెరపీ జరిగింది అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ పర్యవేక్షణలో. పదహారేళ్ల ముందు ఇదే ఊళ్లో, ఈ డాక్టర్ బృందం చేతిలోనే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే సైక్లిస్టు బతికి బయటపడ్డాడు. విశాఖ మ్యాచ్‌కు సరిగ్గా పదిహేను రోజుల ముందు, ఆగస్టు 24న, అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను జీవితాంతం నిషేధించి, 1998 ఆగస్టు 1 తర్వాత అతను సాధించిన ఫలితాలన్నీ రద్దు చేసింది. అతను గెలిచిన ఏడు టూర్ డి ఫ్రాన్స్‌లూ పోయాయి. అప్పటినుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: గెలుపులు మోసమైతే, క్యాన్సర్ నుంచి కోలుకోవడం కూడా కట్టుకథేనా? కాదు. అయితే ఎందుకు కాదో తెలియాలంటే ఆ కథలో కలిసిపోయిన రెండు పాయలను విడదీసి చూడాలి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1993లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకముందే, ఓస్లోలో ప్రపంచ రోడ్ రేస్ చాంపియన్ అయ్యాడు. 1996లో ఒక వృషణం వాచింది. రోజంతా సీటు మీద కూర్చునేవాడికి ఇలాంటివి మామూలే అనుకుని పట్టించుకోలేదు. దగ్గితే రక్తం పడే దాకా ఆగాడు. అక్టోబర్‌లో డాక్టర్ దగ్గరకు వెళ్లేసరికి వృషణ క్యాన్సర్ పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి పాకి ఉంది. వయసు పాతికేళ్లు.

పాతికేళ్ల ముందు ఇదే జబ్బు ఈ దశలో వస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది చనిపోయేవారు. దాన్ని మార్చింది ప్లాటినం. 1960ల్లో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త మిషిగన్‌లో బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావాన్ని పరిశీలిస్తుంటే అవి విభజన చెందడం ఆగిపోయింది. విద్యుత్తు వల్ల అనుకున్నది నిజానికి ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి పుట్టిన రసాయనం చేసిన పని. కణ విభజనను ఆపే పదార్థం క్యాన్సర్‌ను కూడా ఆపగలదేమో అని ఆయనకు తట్టింది. సిస్‌ప్లాటిన్ మందు అలా పుట్టింది. 1974లో ఐన్‌హార్న్ దాన్ని మరో రెండు మందులతో కలిపి వృషణ క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. ఆశ వదులుకున్నవాళ్లు లేచి ఇళ్లకు వెళ్లారు. గట్టిగడ్డల క్యాన్సర్లలో, ఒళ్లంతా పాకాక కూడా, మందులతో నయమయ్యే జబ్బుగా ఇది పేరు తెచ్చుకుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో డాక్టర్లు ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. ఈ చికిత్సలో వాడే బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు. సైక్లిస్టుకు అదే జరిగితే బతికినా వృత్తి ఉండదు. అందుకని దాని బదులు ఐఫాస్ఫమైడ్ వాడారు. అది రోగిని మరింత పీల్చేస్తుంది, కానీ శ్వాసను కాపాడుతుంది. మెదడులోని గడ్డలను శస్త్రచికిత్సతో తీశారు. నాలుగు విడతల కీమో డిసెంబర్‌కల్లా ముగిసింది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

రెండో పాయ ఇక్కడినుంచి మొదలవుతుంది. 1998లో మళ్లీ సైకిలెక్కినా మార్చిలో పారిస్–నీస్ రేసు మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ ఏడాది టూర్‌ను ఫెస్టినా జట్టు డోపింగ్ కేసు కుదిపేసింది. తలవంపుల పాలైన ఆ క్రీడకు మరుసటి ఏడాది, 1999 జులైలో, మృత్యువును చూసి వచ్చిన ఒక మనిషి పసుపు జెర్సీ వేసుకుని కనబడ్డాడు. మూడు వారాలపాటు, మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా, ఆల్ప్స్, పిరెనీస్ కొండల మీదుగా సాగిన రేసు గెలిచాడు. అభిమానులు నమ్మారంటే వాళ్లను తప్పుపట్టలేను. కీమో వార్డుల్లో సెలైన్ ఎక్కుతుండగా టీవీలో అతణ్ని చూసి ఇంకో రోజు ఓర్చుకున్నవాళ్లున్నారు. 2004లో అతని పేరు మీద ఒక డాలరుకు అమ్మిన పసుపు రబ్బరు బ్యాండ్లు కోట్లలో అమ్ముడుపోయాయి.

ఆ రేసు వెనక ఉన్న మందు పేరు ఈపీవో. ఇది మన కిడ్నీలు తయారుచేసే హార్మోనే; ఎముక మజ్జకు ఎర్ర రక్తకణాలు తయారుచేయమని చెబుతుంది. కిడ్నీలు పాడైతే ఆ కబురు ఆగి రక్తహీనత వస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఉన్న ఇళ్లకు ఈ ఇంజెక్షన్ కొత్తది కాదు. కీమో వల్ల రక్తం తగ్గినవాళ్లకూ ఇస్తారు. ఆరోగ్యవంతుడు తీసుకుంటే ఎర్రకణాలు అవసరానికి మించి పెరిగి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ కాస్త తేడాయే గెలుపు ఓటములను తేలుస్తుంది. రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే ఆ సైక్లిస్టును రేసు నుంచి తప్పించే నియమం 1997లో వచ్చింది. మూత్రంలో ఈపీవోను నేరుగా పట్టే పరీక్ష మాత్రం 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా లేదు. అంటే 1999లో అతను వందసార్లు పరీక్షకు నిలబడినా అది దొరకదు. 2005లో ఫ్రెంచ్ పత్రిక లెకిప్, దాచి ఉంచిన 1999 నమూనాల్లో ఈపీవో ఆనవాళ్లు దొరికాయని బయటపెట్టింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మందు కన్నా, క్యాన్సర్‌ను అతను కవచంగా వాడుకున్న తీరు. చావు అంచుదాకా వెళ్లివచ్చినవాణ్ని, మళ్లీ ప్రాణం పణంగా పెట్టి మందులు వాడతానా అని అడిగేవాడు. ఆ ప్రశ్న ముందు అనుమానించేవాడే పాపాత్ముడిలా కనబడేవాడు. జట్టులో మసాజ్ చేసిన ఎమ్మా ఓరైలీ, సహచరుడి భార్య బెట్సీ ఆండ్రూ నిజం చెబితే వాళ్లను నిందలతో ముంచెత్తాడు. రోగుల మీద అభిమానుల్లో ఉన్న కరుణ ఆ ఇద్దరి నోళ్లు మూయడానికి పనికొచ్చింది. 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రీ ముందు, ఏడు గెలుపుల్లోనూ డోపింగ్ ఉందని ఒప్పుకున్నాడు. జబ్బుకు ముందే అలాంటి మందులు వాడి ఉంటే, అవే అతనికి క్యాన్సర్ తెచ్చాయా అని కొందరు అడుగుతారు. అలాగని ఎవరూ నిరూపించలేదు.

మరి అభిమానులు మెచ్చుకున్నదంతా వృథాయేనా? నా ఉద్దేశంలో వాళ్ల మెప్పు సరైనదే, చేరిన చిరునామా తప్పు. పట్టుదలతో క్యాన్సర్‌ను ఓడించాడు అని రాసినప్పుడల్లా సిస్‌ప్లాటిన్ పేరు, నర్సుల పేర్లు, ఐన్‌హార్న్ పేరు చెరిగిపోయాయి. ఇందులో ఇంకో అన్యాయం ఉంది. పట్టుదల ఉన్నవాడు బతికాడంటే, పోయినవాడికి అది లేదనే అర్థం వస్తుంది. భర్తను, కొడుకును క్యాన్సర్‌కు పోగొట్టుకున్నవాళ్లకు ఆ మాట ఎలా తగులుతుందో ఆలోచించాలి. క్లోమగ్రంథి క్యాన్సర్‌తో పోయినవాడు ధైర్యం తక్కువై పోలేదు, ఆ జబ్బుకు ఇంకా సిస్‌ప్లాటిన్ లాంటి అదృష్టం దొరకలేదు.

తిరిగి రావడమంటే గెలవడమే అన్న అలవాటూ మానుకోవాలి. 2021 పారిస్–రూబే విజేత, ఇటలీ సైక్లిస్టు సోనీ కోల్‌బ్రెల్లి 2022 మార్చిలో కాటలోనియా రేసులో గీత దాటిన కాసేపటికే గుండె ఆగి పడిపోయాడు. పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ నొక్కి బతికించారు. గుండె లయను సరిచేసే డీఫిబ్రిలేటర్‌ను ఒంట్లో అమర్చారు. ఆ పరికరంతో పోటీ చేయడానికి ఇటలీ నిబంధనలు ఒప్పుకోవు. అదే ఏడాది నవంబర్‌లో అతను పోటీలకు సెలవు చెప్పాడు. అతను మళ్లీ గెలవలేదు, బతికి ఇంటికి వెళ్లాడు. ఏడు పసుపు జెర్సీల కన్నా నేను దీన్నే ఎక్కువ మెచ్చుకుంటాను.

ఆర్మ్‌స్ట్రాంగ్ కథలో మన కుర్రాళ్లకు నిజంగా పనికొచ్చేది ఒకటుంది: అతను చేసిన ఆలస్యం. వృషణ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది పదిహేను నుంచి నలభై ఏళ్ల లోపువాళ్లకే. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, ఒక గట్టి గడ్డో, వాపో, బరువుగా ఉన్నట్టో అనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ స్కాన్, రక్తపరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది. సమయానికి వస్తే నూటికి తొంభై అయిదుమందికి పైగా బతుకుతున్నారు. ఇంట్లో చెప్పడానికి సిగ్గయితే చెప్పకండి, కానీ గడ్డ తగిలితే ఈ వారంలోనే యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి.