మీకు తెలుసా? టైఫాయిడ్ టీకాలో మన శామీర్‌పేట

ఏటా జూన్ 7న ప్రపంచ ఆహార భద్రతా దినోత్సవం. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 2019లో మొదలైంది. మనకది సరిగ్గా మృగశిర కార్తె వేళ. తొలకరి వానలకు మురుగు తాగునీటిలో కలిస్తే టైఫాయిడ్ ముప్పు తప్పదు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారానే అది సోకుతుంది.

• శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రూపొందించిన ‘టైప్‌బార్ టీసీవీ’, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా.

• ఆరు నెలలు నిండిన పసిబిడ్డలకూ ఇది ఒక్క డోసే.

• టీకా ఉన్నా జాగ్రత్త తప్పనిసరి. నీళ్లు మరిగించి తాగండి. కోసి పెట్టిన పండ్లు, ఈగలు ముసిరిన తినుబండారాలు కొనకండి. వండే ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.