శిశువుల తూనిక

పసిబిడ్డ చిక్కిపోవుచున్నచో మన యిండ్లలో మొదట దిష్టి తీయుదురు. పిమ్మట పక్షిదోషమని తాయెత్తు గట్టుదురు. త్రాసులో నుంచి చూచువా రరుదు. తాయెత్తువలన హాని లేదు గాని, దానిని నమ్మి యూరకున్న పది దినములును బిడ్డకు మరల రావు. కావున తూనికను గూర్చి తల్లులకు కొన్ని మాటలు మనవి చేసెదను.

పుట్టిన తొలిదినములలో శిశువు కొంత తగ్గుట సహజము. మూడు కిలోగ్రాముల బిడ్డ రెండువందల గ్రాములు తగ్గినను భయపడ బనిలేదు. రెండు వారములలోపల ఆ లోటు పూడవలయును. పదియవవంతు తగ్గినచో వైద్యునకు జూపవలయును. పిదప మూడు మాసములవరకు దినమునకు ఇంచుమించు 25 మొదలు 30 గ్రాములు పెరుగును. అయిదవ మాసమునాటికి పుట్టినప్పటి బరువునకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అగుట సామాన్యము.

అయినను ఒక్కనాటి తూనిక చెప్పునది స్వల్పము. ఒక్క పరీక్షలోని మార్కులు చూచి విద్యార్థిని మందబుద్ధి యనుట ఎంత అన్యాయమో, ఇదియు నంతియే. చిన్నబిడ్డ యైనను తన గీతవెంబడి పైకి బోవుచుండిన సంతోషింపవచ్చును. బొద్దుగా నున్న బిడ్డ రెండు మాసములు ఒక్కచోటనే నిలిచిన విచారింపవలయును. అంగన్‌వాడీలో నెలనెలయు తూచి పటముపై గీయు గీత యిందులకే. మన బిడ్డల జాతియే చిన్నదని కొందఱందురు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాణములకు మూలమైన ఆరుదేశముల బిడ్డలలో మన దేశపు బిడ్డలును గలరు. తగిన పోషణ గలిగినచో అందఱును ఇంచుమించు ఒక్కరీతినే పెరిగిరి.

బరువు పెరుగకుండుటకు తఱచుగా ఆహారలోపమే కారణము. బిడ్డ రొమ్మును సరిగా బట్టకుండుట యొకటి. పోతపాలలో నీరు కలుపుట మఱియొకటి. ఆఱవ మాసమున ముహూర్తము పెట్టించి అన్నప్రాశనము జరిపి, మరునాటినుండి ఆ సంగతియే మఱచి, తొమ్మిదవ మాసమువరకు పాలతోడనే నెట్టుకొనివచ్చు ఇండ్లను నే నెఱుగుదును. పెట్టువారైనను పలుచని గంజి పోయుదురు. దానివలన పొట్ట నిండును గాని బలము రాదు. గరిటెనుండి జారిపోనంత చిక్కగా పప్పును అన్నమును మెదిపి, నేయి యో నూనె యో చేర్చి పెట్టవలయును. గ్రుడ్డు తినువారు గ్రుడ్డును పెట్టవచ్చును. ఇక పాలు కుడుచునపుడు చెమటపట్టి రొప్పు బిడ్డకు గుండెలో దోష ముండవచ్చును. విడువని విరేచనములు, క్షయ మున్నగునవియు గారణములే. వీనిని వైద్యుడు తేల్చవలయును.

కాశ్యపసంహితలో ఫక్కరోగమని యొకటి చెప్పబడినది. ఏడాది గడచినను అడుగు వేయలేని బిడ్డకు ఆ పేరు. అందు గర్భజమను భేద మొకటి: తల్లి మరల గర్భవతి యగుటచే పాలు తగ్గి, చంటిబిడ్డ క్షీణించును. నేడు ఘనా యనబడు గోల్డుకోస్టులో వైద్యురాలుగా నుండిన సిసిలీ విలియమ్స్ 1935లో క్వాషియోర్కర్ అను పేరును లోకమునకు దెలిపెను. తరువాతి కాన్పు కాగా పెద్దబిడ్డకు వచ్చు జబ్బని అచ్చటివారి మాటకు అర్థమట. ఈ రెంటిని ఒకే రోగమని నేననను. కాని ఎడపిల్ల కష్టమును ఉభయులును గనిరి. రెండవ కాన్పు సంబరములో ఎడపిల్ల కంచమును చూచువారు మన యిండ్లలో నెందఱు?

ఈ రోగమున త్రాసే మోసగించును. ఒడలికి నీరు పట్టుటచే బరువు తగ్గినట్లు కానరాదు, పెరిగినట్లును దోచును. బుగ్గలు నిండుగా నుండును. కావున రెండు పాదములపైనను బొటనవ్రేలితో మూడు క్షణములు నొక్కి చూడవలయును. గుంట పడి నిలిచినచో త్రాసులోని అంకెను నమ్మక, ఆనాడే ఆసుపత్రికి గొనిపోవలయును. ఆఱు మాసములు నిండి అయిదేండ్లలోపు బిడ్డకు దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు దక్కువయైనను అట్లే చేయవలయును.