గుండె గోడలో రాకపోకల దారులు

సూరత్ దగ్గర సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గాలు ఉన్నాయి. తెలంగాణ నుంచి సూరత్ ప్రాంతానికి వలస వెళ్లిన నేత కుటుంబాల పిల్లలకు పడుగు, పేక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మగ్గం మీద పొడవునా బారులు తీరినవి పడుగు దారాలు, వాటికి అడ్డంగా సాగేది పేక. గుండె కండరాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ అమరికే గుర్తుకు వస్తుంది. కండర తంతువుల పక్కనే, వాటికి సమాంతరంగా రక్తకేశనాళికలు పడుగులా సాగుతాయి. దాదాపు ఒక్కో తంతువుకు ఒక్కో కేశనాళిక ఉంటుంది. చిన్న అడ్డ నాళికలు వీటిని కలుపుతాయి.

గుండె గదుల నిండా రక్తం ఉన్నా, మందమైన గోడకు అది నేరుగా అందదు. మహాధమని మొదట్లో పుట్టే రెండు కరోనరీ ధమనులే దానికి ఆధారం. విశ్రాంతిగా ఉన్నప్పుడు వీటి గుండా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. ఈ ధమనులు గుండె పైభాగాన సాగుతూ, గోడలోకి నిలువుగా శాఖలను పంపుతాయి. అంటే రక్తం వెలుపలి నుంచి లోపలికి వెళుతుంది. సిరలలో చేరిన రక్తంలో ఎక్కువ భాగం కరోనరీ సైనస్ ద్వారా కుడి కర్ణికను చేరుతుంది.

శోషరస నాళాల దారి ఇందుకు భిన్నం. కేశనాళికల నుంచి కణాల మధ్యకు ఊరిన ద్రవంలో మిగులును ఇవి సేకరిస్తాయి. లోపొరలో, కండరంలో, పైపొరలో ఇవి మూడు వలలుగా అల్లుకొని ఉంటాయి. గుండె ముడుచుకున్నప్పుడల్లా శోషరసం లోపలి నుంచి వెలుపలికి నెట్టబడుతుంది. అక్కడి నుంచి పెద్ద నాళాలు కరోనరీ ధమనుల వెంట పైకి సాగి, ఛాతీలోని శోషరస గ్రంథులను చేరుతాయి. ఈ దారి మూసుకుపోతే కండరంలో నీరు చేరి గోడ బిరుసెక్కుతుంది.

ఇప్పుడు లోపొర పరిస్థితి గమనించండి. అది కాలువ చివరి పొలం వంటిది. రక్తం అక్కడికి చివరగా చేరుతుంది. పైగా ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది దానిమీదే. కాబట్టి సడలినప్పుడే దానికి రక్తం బాగా అందుతుంది. ధమని పూర్తిగా మూసుకుపోతే సుమారు 20 నిమిషాల తరువాత కణాలు మరణించడం మొదలవుతుంది. అదీ ముందుగా లోపొరలోనే. ఆ నష్టం కొన్ని గంటలలో వెలుపలికి పాకుతుంది. ఈలోగా ధమనిని తెరిస్తే బయటి పొరలను కాపాడవచ్చు.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికి పాకే నొప్పి కనిపిస్తే, గ్యాస్ అనుకొని షిఫ్టు అయ్యేదాకా ఆగనివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆలోచించండి: గుండె మరీ వేగంగా కొట్టుకుంటే ఏ పొరకు ముందుగా రక్తం తగ్గుతుంది? ఎందుకు?