ఉక్కునగరం నుండి న్యాయపీఠానికి

హత్య అంటే 302, మోసం అంటే 420. ఈ రెండు అంకెలను మన చలనచిత్రాలు అక్షరం రానివారికి సైతం నేర్పినవి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చిన పిదప హత్యకు శిక్ష 103వ సెక్షనులోనికి, మోసం 318లోనికి మారినవి. న్యాయాధికారి పరీక్షకు కూర్చునే అభ్యర్థి పాత అంకెలను మరచిపోదామన్నా వీలులేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతియే వర్తిస్తుంది. కనుక రెండూ కంఠస్థం కావలసినదే.

భిలాయి ఉక్కునగరంలో ఒక తెలుగు కుటుంబపు అమ్మాయి ఈ పరీక్షకు సిద్ధమవుతున్నదని అనుకొందాం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడికపై లేచిన కర్మాగారమది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి కొలిమిని ప్రారంభించారు. ఆ కొలిమిని నమ్ముకొని ఆంధ్రదేశం నుండి తరలిపోయిన వారి మనుమలు, మనుమరాండ్రు నేడు ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతున్నారు. జిల్లా న్యాయస్థానం ప్రక్కనే దుర్గ్‌లో ఉన్నది. ఉన్నత న్యాయస్థానం బిలాస్‌పూర్‌లో ఉన్నది. తెలుగు రాష్ట్రాలలో సివిల్ జడ్జి పరీక్షను హైకోర్టులే నిర్వహిస్తుండగా, ఛత్తీస్‌గఢ్‌లో ఆ బాధ్యత పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ది. మన పెద్దలు మునసబు అని పిలిచిన పదవికి దాదాపు సమానమైనదే ఇది.

ప్రాథమిక పరీక్షలో జ్ఞాపకశక్తికి పని. రాజ్యాంగం మొదలుకొని కాంట్రాక్టు చట్టం, ఆస్తి బదిలీ చట్టం, 1959 నాటి భూమిశిస్తు స్మృతి వరకు అన్నీ చదవాలి. అసలు కష్టం ప్రధాన పరీక్షలో ఎదురవుతుంది. అక్కడ వివాదాంశాలను రూపొందించి తీర్పు వ్రాయమంటారు.

మనందరికీ తెలిసిన ప్రామిసరీ నోటునే తీసుకోండి. రెండు లక్షలు అప్పిచ్చానని వాది అంటాడు. “సంతకం నాదే, సొమ్ము మాత్రం ముట్టలేదు” అని ప్రతివాది అంటాడు. సంతకం ఎవరిదని విచారించబూనిన అభ్యర్థి తొలి అడుగులోనే తప్పినట్లు, ఒప్పుకొన్నదానిపై వివాదమెక్కడిది? ఒకరు అవుననీ, వేరొకరు కాదనీ అన్నదే వివాదాంశం. మరి సొమ్ము ముట్టినదని రుజువు చేయవలసినది ఎవరు? వాది అని తోచడం సహజం. కాని అట్టి పత్రానికి ప్రతిఫలం ముట్టినదనే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం భావించమంటుంది. ముట్టలేదని చూపే భారం ప్రతివాదిపై పడుతుంది. ఇంతటితో అయిందా? నోటు మీది తేదీ చూడాలి. అడిగినప్పుడు చెల్లిస్తాననే నోటుకు తేదీ నుండి మూడేళ్లు దాటిన పిదప దావా వేస్తే, మధ్యలో కొంత చెల్లించినట్లు గానీ బాకీని వ్రాతపూర్వకంగా ఒప్పుకొన్నట్లు గానీ లేకపోతే, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా న్యాయస్థానం దావాను కొట్టివేయవలసినదే. ప్రశ్నపత్రంలో ఒక మూల దాగిన ఆ తేదీని చూడనివాడు ఎంత చక్కని తీర్పు వ్రాసినా వృథా!

అనువాదంలో తెలుగు బిడ్డకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉన్నది. మనకు ‘శిక్ష’ అంటే దండన. హిందీలో అదే మాటకు చదువు అని అర్థం. అక్కడ శిక్షాస్మృతి ‘దండ సంహిత’ అవుతుంది. సివిల్ జడ్జి ‘వ్యవహార్ న్యాయాధీశ్’ అవుతాడు. ఇది వింతగా తోచినా, దావాను వ్యవహారమనడం మన ధర్మశాస్త్రాల నాటి వాడుకే.

వీటన్నిటినీ మించిన అడ్డంకి పుస్తకాలలో లేదు. అభ్యర్థికి న్యాయవాదిగా మూడేళ్ల అనుభవం ఉండనక్కరలేదని 2002లో చెప్పిన సుప్రీంకోర్టు, 2025 మే 20న ఆ నిబంధనను పునరుద్ధరించింది. చట్టం చదివిన మాత్రాన న్యాయస్థానపు నడత తెలియదన్నది దాని సారాంశం. ఇది సమంజసమేనని నా అభిప్రాయం. సాక్షి తడబాటును ఏ పుస్తకమూ నేర్పదు. కాని ఆ మూడేళ్లు ఇల్లు గడిచేదెట్లా? సీనియరు వద్ద చేరిన కొత్తవారికి తొలినాళ్లలో రాబడి స్వల్పం. పదవీ విరమణ చేసిన కార్మికుని కుమార్తెకు మూడేళ్లు చిన్న గడువు కాదు. ఈలోగా పెండ్లి మాట ఎత్తని బంధువు ఉండడు. ఆ భారాన్ని తగ్గించే భృతి ఏదైనా లేకపోతే, కలిగినవారి పిల్లలే మిగులుతారు.

అందుచేత ఆ అమ్మాయి దినచర్య రెండుగా చీలుతుంది. పగలు దుర్గ్ న్యాయస్థానంలో వాయిదాలు వ్రాసుకొంటూ, సీనియరు వెంట దస్త్రాలు మోస్తుంది. రాత్రి భోజనాలైన పిదప గడియారం ముందు పెట్టుకొని మరొక దావాకు తీర్పు వ్రాస్తుంది. ఈసారి కలం పట్టకముందే నోటు మీది తేదీ చూస్తుంది.